రెన్యువల్ సందేశం: సంజీవనీ వ్యాఖ్యా సహితం

అవతారిక

యక్షుడు ఆషాఢమాసం మొదటి రోజున సందేశం పంపాడు. బీమా ఏజెంటు పాలసీ ఆఖరి రోజుల్లో పంపుతాడు. అక్కడ విరహం పంపినవాడిది. ఇక్కడ అందుకున్నవాడిది, అదీ డబ్బుతో. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌లో ఏడేండ్ల కారున్న ఒక యజమానికి ఈమధ్య అందిన సందేశాన్ని ఇంట్లో అందరూ చదివారు. అందరికీ ‘రెండు వేలు తక్కువ’ అన్న ముక్కే అర్థమైంది. మిగతాది అర్థం కాకపోవడం పాఠకుల దోషం కాదు. అర్థం కాకుండా ఉండటమే ఆ వాఙ్మయానికి ప్రాణం. అందుచేత శాస్త్రోక్తంగా వ్యాఖ్య అవసరమైంది.

గ్రంథారంభంలో చెప్పవలసిన నాలుగూ చెబుతున్నాం. విషయం: ప్రీమియం. అధికారి: లోను తీరినా తీరకపోయినా కారున్న ప్రతివాడూ. ప్రయోజనం: పోలీసు ఆపితే చూపడానికి కాగితమని లోకం, నష్టపరిహారమని శాస్త్రం. సంబంధం: ఈ రెండూ ఒకటేనన్న నమ్మకం.

మూలం

“నమస్తే సార్. ఈసారి ఓడీల ఫుల్ డిస్కౌంట్ ఇప్పిచ్చిన. ఎన్‌సీబీ యాభై ఉన్నది. జీరో డెప్ తీసేసిన. ఐడీవీ జర అడ్జస్ట్ చేసిన. పోయినేటికంటె రెండు వేలు తక్కువనే వడ్డది. ఇయ్యాల్నే కట్టుండ్రి.”

టీక

‘నమస్తే సార్.’ మంగళాచరణం. ఏడాదికొక్కసారే చేస్తారు కనుక సంక్షిప్తం.

‘ఓడీల ఫుల్ డిస్కౌంట్ ఇప్పిచ్చిన.’ పాలసీకి రెండు కాండలు. పూర్వకాండ థర్డ్ పార్టీ, అంటే మన బండి ఇతరులకు చేసే నష్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ విధించిన నిత్యకర్మ ఇది. చేస్తే పుణ్యమేమీ రాదు. చేయకపోతే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ప్రత్యవాయం. దీని ధర కేంద్రమే ఖాయం చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, పదిహేను వందల దాకా 3,416, ఆపైన 7,897. ఖేడ్‌లో కట్టినా ముంబైలో కట్టినా అంతే. ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ ఇప్పించలేరు.

ఉత్తరకాండ ఓన్ డ్యామేజి, సందేశంలోని ఓడీ. సొంత కారుకు తగిలే దెబ్బ, దొంగతనం, వరద ఇందులోకి వస్తాయి. 2007 జనవరి 1 నుంచి దీని ధర కంపెనీల ఇష్టం. అయినా 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ రేటును పైన రాసి, దాని మీద తగ్గింపు చూపించే ఆచారం పోలేదు. దాదాపు ఎవరూ కట్టని ధర మీద ఇచ్చే తగ్గింపును ‘ఫుల్’ అనడం అతిశయోక్తి. ‘ఇప్పిచ్చిన’ అన్నచోట ఏజెంటు ఎవరి కాళ్లో పట్టుకున్నాడన్నది వ్యంగ్యం.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ప్రీమియం తగ్గించుకునే పది మార్గాలన్న వీడియో చూసి వచ్చాడు. క్రెడిట్ స్కోరు బాగుండాలట, పెళ్లయి ఉండాలట, ఇంట్లో కొత్తగా స్టీరింగు పట్టిన పిల్లలుండకూడదట. ఇవి అమెరికా శాఖలోని విధులు. సర్వశాఖా ప్రత్యయ న్యాయం ఉందిగదా, ఒక శాఖలో చెప్పింది అన్నింటికీ చెల్లదా అంటే, చెల్లదు. ఆ న్యాయం కర్మ ఒకటే అయినప్పటి మాట. ఇక్కడ కర్మే వేరు. మన టారిఫ్ చూసేవి ముఖ్యంగా నాలుగు: కారు విలువ, ఇంజిన్ సీసీ, కారు వయసు, రిజిస్టరైన చోటు. పెళ్లి ఊసు లేదు. పెళ్లయినవాడు ఖేడ్‌లో మెల్లగా నడుపుతాడనడానికి ప్రమాణమూ దొరకలేదు.

చోటు సంగతి కొంత విస్తరించాలి. టారిఫ్ దేశాన్ని రెండు మండలాలు చేసింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, అహ్మదాబాద్, కోల్‌కతా, న్యూఢిల్లీ ‘ఏ’. మిగతా భారతవర్షమంతా ‘బీ’. ఐదు నుంచి పదేండ్ల వయసున్న, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కారుకు ‘ఏ’లో విలువ మీద 3.447 శాతం, ‘బీ’లో 3.351. చూసేది కారు తిరిగే ఊరిని కాదు, రిజిస్టర్ చేసిన ఆఫీసును. పటాన్‌చెరు మనిషి పొద్దుమాపూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలుగుతాడు. అయినా సంగారెడ్డి జిల్లా 15 నంబరు కనుక అతను ‘బీ’. హైదరాబాద్ నంబరు కారును సెకండ్‌హ్యాండ్‌లో కొని ఖేడ్ తెచ్చుకున్నవాడికి గొర్లమందా పత్తి ట్రాక్టరూ తప్ప ఎదురొచ్చేవి తక్కువ. అతను ‘ఏ’. కారణం ఒకచోట, కార్యం ఇంకోచోట ఉంటే అసంగతి అలంకారమంటారు. నాలుగు లక్షల కారుకు ఈ అలంకారం ఖరీదు టారిఫ్ లెక్కన 384 రూపాయలు, తగ్గింపులన్నీ పోగా వంద కూడా మిగలదు. అలంకారాలు ఇంతకంటే చవగ్గా ఎక్కడా దొరకవు.

జిల్లా మాట వచ్చింది గనుక ఒకటి చెప్పకుండా ముందుకు పోలేం. 2016 అక్టోబర్ 11 దాకా ఖేడ్ మెదక్ జిల్లాలోదే. మెదక్ జిల్లా అంటే కొల్చారం, కొల్చారం అంటే కోలాచల మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలు మూడింటికీ సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు రాసింది మా పాత జిల్లావాడు. కొడుకు కుమారస్వామి కూడా ఆ బాటనే పోయి, ఓరుగల్లు ప్రతాపరుద్రుడి పేరిట విద్యానాథుడు రాసిన అలంకారగ్రంథానికి రత్నాపణం కట్టాడు. రఘువంశం మొదలుపెట్టిన విద్యార్థి ఎవరైనా మల్లినాథుడి చెయ్యి వదిలి రెండో సర్గ దాటింది లేదు. ఆయన దారి అన్వయం. కర్త శ్లోకం మొదట్లో దాక్కున్నా, క్రియ నాలుగో పాదం చివర నిలబడ్డా, రెండింటినీ పట్టుకొచ్చి పక్కపక్కన కూర్చోబెడతాడు. మాటకు అమరం, రూపానికి పాణిని, ఆచారానికి స్మృతి సాక్ష్యం పలకాలి. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు పండితులు చాలామంది పెడతారు. రెండోది పెట్టినవాళ్లు అరుదు, నిలబెట్టుకున్నవాళ్లు ఇంకా అరుదు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే సంజీవని అనీ ఆయన చెప్పుకున్నాడు. అలా చెప్పుకోగల ధైర్యం విద్వత్తు నుంచే వస్తుంది. మాఘం మీద పని చేసినప్పుడు ఆయన చూపిన ఓపిక గురించి ఇంకో నాలుగు పుటలు రాయవచ్చు కాని, రేపటితో పాలసీ అయిపోతున్నది.

ఆ మహానుభావుడి చేతిలో ఇవాళ్టి కారు పాలసీ పెడితే ఏం చేసేవాడు? కంపెనీ అని మొదలైన వాక్యంలో క్రియ వచ్చేసరికి పేజీ తిరుగుతుంది, మధ్యలో మినహాయింపులు వరసకట్టి ఉంటాయి. అంతా ఇంగ్లీషు. ఖేడ్ అంగట్లో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినిపిస్తాయి. మూడు భాషల్లో బేరమాడగల మనిషి తనకు రాని భాషలో ఒప్పందం చేసుకుంటాడు. బీమాను అదుపుచేసే ఐఆర్‌డీఏఐ ఎక్కడో కాదు, హైదరాబాదులోనే ఉంది. ఇదే టారిఫ్‌లో అదనంగా కడితే బీమాను నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంక, మాల్దీవులకు పొడిగించే ఏర్పాటు ఉంది. ఖేడ్ కారు మాల్దీవులకు ఏ దారిన పోతుందో సముద్రుడికే ఎరుక. ఆ దీవుల దాకా ఊహ పోయింది. ఈ సందేశం వెంట తెలుగులో ఒక్క పేజీ జతచేయాలన్న ఊహ మాత్రం ఎవరికీ రాలేదు.

‘ఎన్‌సీబీ యాభై ఉన్నది.’ నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ అడగని మొదటి ఏడాదికి ఓడీలో 20 శాతం తగ్గింపు, తర్వాత వరసగా 25, 35, 45, 50. గీతాచార్యుడు ఫలం ఆశించవద్దన్నాడే కాని, ఆశించకపోతే ఎంత శాతమో చెప్పలేదు. ఆ లోటు టారిఫ్ తీర్చింది.

దీని బలం లెక్క వేస్తేగాని తెలియదు. బస్టాండు దగ్గర ట్రాక్టరు ట్రాలీ కొక్కెం తగిలి బంపర్ చీలిందనుకుందాం. రంగూ కూలీ పక్కనపెట్టి బంపర్ ధర 6,000 అనుకుందాం. ప్లాస్టిక్కు తరుగు సగం. మిగిలిన 3,000లో పదిహేను వందల సీసీ లోపు కారువాడు తప్పక భరించాల్సిన వెయ్యి పోతుంది. చేతికొచ్చేది 2,000. దానికి బదులు యాభై శాతం సున్నాకు పడి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఏటా పోయేది 50, 30, 25, 15, 5. కలిపితే 125 శాతం. నాలుగు లక్షల కారుకు టారిఫ్ ఓడీ 13,404. కంపెనీ అందులో అరవై శాతం తగ్గించిందనుకుంటే మిగిలేది 5,362. కారు విలువ ఏటా తరగడం కూడా కలుపుకుంటే, రెండు వేలు తీసుకున్నందుకు పోయేది ఐదు వేల చుట్టూ ఉంటుంది. షెడ్డువాడు “ఇన్సూరెన్స్ ఉన్నదిగదా సార్, క్లెయిమ్ చేద్దాం” అని ఉత్సాహపడినప్పుడు ఈ లెక్క గుర్తుకు రావాలి.

ఇంకొక సంగతి. ఈ బోనస్ కారుది కాదు, మనిషిది. ఒకరి పుణ్యం ఇంకొకరికి రాదు గనుక పాత కారు కొన్నవాడికి పాత యజమాని యాభై రాదు. అమ్మినవాడు మాత్రం కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని మూడేండ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. ఎంతమంది కారుతోపాటు దీన్నీ వదిలేసి వస్తున్నారో! అమ్మేటప్పుడు ఈ ముక్క చెవిన వేసే నాథుడు ఉండడు.

‘జీరో డెప్ తీసేసిన.’ ఇది ఉంటే పైన చెప్పిన తరుగు కోయరు. తీసేశానని చెప్పినందుకు మెచ్చుకోవాలి, తీసేయాలా అని అడగనందుకు నిలదీయాలి. చిన్న గీతలు సొంత డబ్బుతో బాగుచేయించుకునేవాడికి దీని పని తక్కువే. కాని ఐదు నుంచి పదేండ్ల కారుకు ఇనుప భాగాల మీద తరుగు 40 శాతం. ముందుభాగం మొత్తం నుజ్జయి లక్ష రూపాయల ఇనుప సామాను పడితే నలభై వేలు యజమాని జేబులోంచే. ఏ సంగతైనా తేల్చుకోవలసింది కారు ఎవరిదో వారు.

‘ఐడీవీ జర అడ్జస్ట్ చేసిన.’ కావ్యానికి ఆత్మ ఇక్కడుంది. కారు దొంగలపాలైనా, బాగుచేయించే ఖర్చు విలువలో 75 శాతం దాటినా కంపెనీ ఇచ్చేది ఈ ఐడీవీ మొత్తమే. కొత్త కారుకు ఆరు నెలల్లో 5 శాతం, ఏడాదికి 15, ఆపై ఏటా పెరుగుతూ ఐదేండ్లకు 50 శాతం తరుగు అని పట్టిక ఉంది. ఐదేండ్లు దాటాక పట్టిక లేదు. ఇరుపక్షాలు ఒప్పుకున్న విలువ ఎంతైతే అంత. ఇరుపక్షాలు! ఒక పక్షం కంపెనీ. రెండో పక్షం సందేశం తెరిచేసరికి ఒప్పుకోవడం జరిగిపోయి ఉంది.

నాలుగు లక్షలను 3,40,000 చేశాడు. అరవై వేల మీద 3.351 శాతం అంటే 2,010. కంపెనీ తగ్గింపు అరవై శాతం పోతే 804. ఎన్‌సీబీ సగం పోతే 402. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 474. ఆ ‘రెండు వేల’లో ఇక్కడినుంచి వచ్చింది ఇంతే. 474 రూపాయలు మిగిల్చి అరవై వేలు తగ్గించడాన్ని ‘జర’ అని ఏ కోశకారుడూ చెప్పలేదు. 2025 ఆగస్టు చివర మెదక్, కామారెడ్డి జిల్లాల్లో వాన రోడ్లను తెంచుకుపోయింది. అలాంటి నీళ్లలో కారు మునిగిననాడు ఆ అరవై వేలు ఎవరు తెచ్చిస్తారు? ప్రీమియం తగ్గించమంటే బీమానే తగ్గించి, అది నేర్పరితనమన్నట్టు రాయడం ఈ వ్యాఖ్యాతకు ఒళ్లు మండే విషయం.

అధ్యాహారం. మూలంలో లేని మాటను అర్థం కుదరడానికి తెచ్చుకోవడం వ్యాఖ్యాతల హక్కు. సందేశంలో లేనివి ఇవి. క్లెయిమ్‌లో తప్పనిసరి వెయ్యికి తోడు ఇంకో 2,500 వాలంటరీగా మనమే భరిస్తామని ముందే రాసిస్తే టారిఫ్ ప్రకారం ఓడీలో 20 శాతం, 750 మించకుండా, తగ్గుతుంది. ఎలాగూ చిన్న క్లెయిములు చేయనివాడికి ఇది నష్టం లేని బేరం. యజమానికి విడిగా 15 లక్షల ప్రమాద బీమా (పీఏ) ఉంటే కారు పాలసీలో మళ్లీ కట్టక్కర్లేదు. గుర్తింపు పొందిన దొంగతన నిరోధక పరికరానికి 2.5 శాతం, 500 మించదు. ఇంకో రెండు కంపెనీల ధర అడగడానికి ఏ నిబంధనా అడ్డు లేదు.

‘రెండు వేలు తక్కువనే వడ్డది.’ అర్థం స్పష్టం. కష్టమైనచోట వ్యాఖ్యాతలు ఈ మాటే రాసి జారుకుంటారు.

‘ఇయ్యాల్నే కట్టుండ్రి.’ మూలమంతటిలో శంకకు తావులేని వాక్యం ఇది. గడువు దాటితే ఓడీ కోసం కారును మళ్లీ తనిఖీ చేస్తారు, 90 రోజులు దాటితే ఎన్‌సీబీ పోతుంది, ఈలోగా రోడ్డెక్కితే పైన చెప్పిన ప్రత్యవాయం.

కనుక యజమాని అప్పుడే జవాబు రాశాడు: “తమ్మీ, ఐడీవీ నాలుగు లక్షలు చెయ్యి. వాలంటరీ 2,500 పెట్టు. నాకు పదిహేను లక్షల పీఏ వేరే ఉన్నది, అది తీసెయ్యి. మళ్ల లెక్క పంపు.” అరగంటలో కొత్త కొటేషన్ వచ్చింది. ఐడీవీ పెరిగినా మొత్తం మొదటిదానికంటే తక్కువే. ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, “మీరు అడగలే గద సార్” అన్నాడు.