పోర్ట్‌ఫోలియో పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

హెచ్‌టీఎంఎల్ ఒక్క ముక్క రాని చిత్రకారుడో ఫొటోగ్రాఫరో తన పనులను సొంత వెబ్‌సైట్‌లో ఎలా ప్రదర్శించుకోవాలో ఈ తేటగీతి విధిస్తోంది. 1991లో టిమ్ బెర్నర్స్ లీ తొలి వెబ్‌సైట్ తెరిచిన నాడు పేజీ కావాలంటే చాలామందికి ట్యాగులు చేత్తో రాయక తప్పేది కాదు. 2003లో వర్డ్‌ప్రెస్, 2006లో విక్స్ వంటివి వచ్చాక ఆ నిర్బంధం సడలింది. పద్యం ఆ సడలింపు తరవాతి కాలానిది.

పద్యం

కోడు రాకున్న నేమిరా కొలువు గలదు
మూస యొక్కటి చేపట్టి ముద్దుగాను
బొమ్మలును మాటలును జేర్చి పొందుపఱచి
పేరు గొని మీట నొక్కిన బెరుకు తీరు

ప్రతిపదార్థం

కోడు = హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ అను విద్యాత్రయము; రాకున్నన్ = తెలియకపోయినను; ఏమిరా = నష్టమేమి; కొలువు = పనులను తీర్చి నలుగురికి చూపు చోటు; కలదు = ఉన్నది; మూస ఒక్కటి = టెంప్లేటు నొకదానిని; చేపట్టి = ఎంచుకొని; ముద్దుగాను = చూడముచ్చటగా; బొమ్మలును = చేసిన పనుల చిత్రములను; మాటలును = వాటి వివరణలను; చేర్చి = ఎక్కించి; పొందుపఱచి = తగిన చోట్ల అమర్చి; పేరు = డొమైన్ నామమును; కొని = రుసుము చెల్లించి పొంది; మీట = పబ్లిష్ అను బటనును; నొక్కినన్ = నొక్కినచో; బెరుకు = జంకు; తీరున్ = తొలగును.

తాత్పర్యం

ఓయీ! కోడింగు రాలేదని దిగులు పడకుము. టెంప్లేటు నొకదానిని ఎంచుకొని, నీ పనుల చిత్రములను, వాటి వివరములను అందముగా అమర్చి, సొంత పేరు నమోదు చేయించుకొని పబ్లిష్ నొక్కుము. జంకు దానంతట అదే పోవును.

విశేషాలు

కొలువు: ఉద్యోగమనే అర్థం ఇక్కడ పొసగదు. సైటు తెరవగానే ఉద్యోగం వస్తుందని కవి హామీ ఇవ్వలేదు. సంక్రాంతి బొమ్మల కొలువు అన్న అర్థమే గ్రాహ్యం. ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ మెట్లెక్కవు, ఏరినవే ఎక్కుతాయి. పది మంచి పనుల పక్కన ముప్పై మామూలు పనులు పెడితే చూసేవాడు మామూలువాటితోనే లెక్క కడతాడు.

మూస యొక్కటి: ఏకవచనం బుద్ధిపూర్వకం. మూసలు చూస్తూ వారాలు గడిపేవారికి ఇది మందలింపు. సైటు కట్టే సేవల్లో ఒకే పేజీ చాలనుకుంటే కార్డ్ (Carrd), ఖర్చు వద్దనుకుంటే గూగుల్ సైట్స్, మౌస్‌తో లాగి అమర్చుకోవాలంటే విక్స్, ముందుముందు పేజీలు పెరుగుతాయనుకుంటే వర్డ్‌ప్రెస్ అని సంప్రదాయం. విక్స్‌లో కట్టిన సైటును ఉన్నదున్నట్టుగా మరో సంస్థకు తరలించడం కుదరదు. వర్డ్‌ప్రెస్‌లోని రాతలను ఫైలుగా దించుకొని వేరేచోట ఎక్కించవచ్చు. విడిచి వెళ్లడం అన్నిచోట్లా తేలిక కాదు కనుక ‘చేపట్టి’ అన్న క్రియలో పాణిగ్రహణార్థం కూడా ధ్వనిస్తోంది. మూసతోపాటు కట్నంగా వచ్చే ‘లోరెమ్ ఇప్సమ్’ సిసెరో లాటిన్ రచన నుంచి విరిచి కలిపిన నింపుడు మాటలు. దానికి అర్థం చెప్పే బాధ్యత టీకాకారులకు సైతం లేదు. దాన్ని తీసేసే బాధ్యత మాత్రం సైటు కట్టేవారిది.

బొమ్మలును: ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కటే నాలుగైదు మెగాబైట్లు తూగవచ్చు. వెడల్పును రెండు వేల పిక్సెళ్ల లోపుకు తగ్గించకుండా ఎక్కిస్తే, పేజీ తెరుచుకునేలోగా వచ్చినవాడు వెళ్లిపోతాడు. ‘ముద్దుగాను’ అన్నది ఫోన్ తెరకూ వర్తిస్తుంది. మొబైల్ ప్రివ్యూ చూసుకోనిదే ముద్దు సిద్ధించదు.

మాటలును: పద్యంలోని కష్టమంతా ఇందులో దాగింది. పని ఎవరి కోసం చేసింది, వారు అడిగిందేమిటి, అందులో తన వంతెంత: ఈ మూడూ చెబితే చాలు. సృజనే ఊపిరి అంటూ మొదలయ్యే పరిచయాలు ఏ పనినీ పరిచయం చేయవు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును సైటులో అతికిస్తే గజిబిజి గుర్తులే మిగులుతాయి. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత ఫాంట్లున్నాయి. కోడు రానివాడికి అష్టదిగ్గజాల్లో సగం మంది అండ ఉన్నట్టే.

పేరు గొని: కొనడమని కవి అన్నాడు గానీ డొమైన్ ఎవరికీ శాశ్వతంగా అమ్ముడుపోదు. ఒకటి నుంచి పదేళ్ల గడువుకు నమోదవుతుంది. గడువు దాటినా కట్టకపోతే అదే పేరు మరొకరి పరం కావచ్చు. తొలి ఏడాది రాయితీకీ మలి ఏడాది అసలు ధరకూ ఉండే తేడాను పద్యం చెప్పలేదు. అమ్మేవారూ చిన్న అక్షరాల్లోనే చెబుతారు. ఉచిత పథకంలో చిరునామాకు సంస్థ పేరు కూడా అతుక్కుని ఉంటుంది. అది చూపుకు లోపమే గానీ పనికి అడ్డం కాదు.

మీట: పబ్లిష్ అని కొందరు, పే నౌ అని కొందరు వ్యాఖ్యానిస్తారు. రెండూ గ్రాహ్యమే. తరచుగా రెండోదే ముందొస్తుంది.

ఛందోలంకారాలు

తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి కో–కొ, మూ–ము, బొ–పొ, పే–బె. ప్రాస నియమం లేదు, కోడు నియమం అసలే లేదు. కారణం వేలిలో, కార్యం మనసులో ఉండడం వల్ల నాలుగో పాదంలో అసంగతి అలంకారం.

పూర్వపక్షం, సిద్ధాంతం

ఇన్‌స్టాగ్రామ్ ఉండగా సైటెందుకని ఆక్షేపణ. అక్కడ కొత్త బొమ్మ పాతదాన్ని కిందికి తోస్తుంది, ఏది ఎవరికి కనిపించాలో సంస్థ తేలుస్తుంది. సొంత సైటులో వరుస సొంతదారుది. కనుక సైటు వ్యర్థం కాదు. కోడు రానివాడి సైటు నాసిరకం కాదా అని రెండో ఆక్షేపణ. ఫొటోగ్రాఫర్‌ను వెతుక్కుంటూ వచ్చినవాడు ఫొటోలు చూస్తాడు, వాటి వెనకున్న కోడు చూడడు. వెబ్ డెవలపర్ ఉద్యోగం కోరేవాడికి మాత్రం ఈ పద్యం ప్రమాణం కాదు.

ఫలశ్రుతి

ఈ పద్యం చెప్పినట్టు నడుచుకున్నవారికి సైటు తప్పక తెరుచుకుంటుంది. పని దొరకడం మాత్రం మూడో పాదంలోని బొమ్మల మీద, మాటల మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండింటికీ టెంప్లేటు లేదు.