సబ్‌వూఫర్ నిద్రాభంగ పర్వము

అది ఆదివార మధ్యాహ్నము. పప్పన్నము బరువున రెప్పలు వాలుచున్న ఆ హాలులో, హెచ్‌డీ చానల్‌నందు యుద్ధఘట్టము మొదలు కానున్న తరుణాన, 5.1 సేన మోహరించి నిలిచెను.

టీవీ క్రింద నట్టనడుమ ధర్మరాజు, అనగా సెంటర్ స్పీకరు. సంభాషణలన్నియు ఆయన నోటనే పలుకవలె. ఇరుపక్కల భీమార్జునులు; పాటలు, ఫైట్లు వారి పాలు. సోఫా వెనుక గోడ మేకులకు వ్రేలాడుచు నకుల సహదేవులు. వానచినుకు, బాణపు రివ్వు, జనసమ్మర్దపు హోరు వారికి రాసిచ్చినవి. మూలన చెప్పుల స్టాండు సరసన కుంభకర్ణుడు, సబ్‌వూఫరు. 120 హెర్ట్‌జ్‌లకు దిగువనున్న పాతాళమంతయు ఆయన జాగీరు. (భారతములోనికి రామాయణము చొరబడినదని పండితులు కోపగించరాదు. ఐదుగురి తరువాత చుక్క పెట్టి ఒకనిని చేర్చిన వారినే అడుగవలె.)

నాయకుడు కత్తి దూసెను. ఏనుగులు ఘీంకరించెను. భీమార్జునులు తప్ప ఒక్కరును నోరు మెదపరైరి! ధర్మరాజు మౌనవ్రతము పట్టెను. నకుల సహదేవులు భారతమునందు వలెనే ఇచటను ఉన్నట్టో లేనట్టో తెలియదు. రిసీవరు నుదుట మాత్రము 5.1 అను బిరుదు నీలికాంతుల వెలుగుచుండెను. ఆరు పల్లకీలు పంపి ఇద్దరినే ఎక్కించిన పెళ్లివారి వైనమది. చానలు చేతనున్న ప్రతి స్టీరియో. దానినే ఆరు గదుల పెట్టెలో సర్ది, నాలుగు గదులు ఖాళీగా పంపిరి.

అంతలో విరామము. రిసీవరు ‘టక్’మని క్షణకాలము మూర్ఛిల్లి లేచెను, బిరుదు 2.0కు దిగెను. ఇక్కడనే చిత్రము. రెండే వచ్చినవని నిజము చెప్పినంతనే, రిసీవరు కొలువులోని ప్రోలాజిక్ అను మంత్రి ఆ రెంటినే ఆరుగురికి పంచి వడ్డించెను. 5.1 అని బొంకిన వేళ పాపము ఆయనకు వేలు పెట్టు అధికారము లేదు.

“తరుగు లేదు! మజూరీ లేదు!”

నగల దుకాణపు శంఖారావమునకు కుంభకర్ణుడు మేల్కొనెను. కిటికీ అద్దములు వణికెను, వంటింట గిన్నెలు వంతపాడెను, నకుల సహదేవులు జన్మమెత్తినందుకు గాజుల గలగల మ్రోగించిరి. మాట ఎంత బిగ్గరో తెలుపుచు డయల్‌నార్మ్ అను తాటాకు శబ్దముతో పాటే వచ్చును: అంకె 31 అయినచో తగ్గింపు లేదు, 27 అయినచో 4 డెసిబెళ్లు తగ్గింపవలె. సినిమాకు 27 గీకిన లేఖకుడు బంగారమునకు 31 గీకెను కాబోలు. ప్రకటనలు మితిమీరి బిగ్గరగా ఉండరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు శాసించుచునే యున్నవి. ఆ శాసనమును కుంభకర్ణునకు చదివి వినిపించిన వారు లేరు.

గృహపతి సోఫా సందులో రిమోటును అన్వేషించి పట్టునంతలో విరామము ముగిసెను. నాయకుడు ప్రతిజ్ఞకు నోరు తెరిచెను. రిసీవరు మరల ‘టక్’మనెను, తొలి పలుకు గుటుక్కుమనెను.

“...ను చంపి తీరుతాను!”

“ఎవర్నిరా చంపుతానంటున్నాడు?” అని బామ్మ అడిగెను.

“నగల షాపువాణ్ణి బామ్మా,” అని మనుమడు బదులు పలికెను.