ఎడారి సారథి

అమెరికాలో మెమోరియల్ డే సెలవు మే నెలాఖరు సోమవారం వస్తుంది. మనకది రోళ్లు పగిలే రోహిణి కార్తె. రెంటచింతల నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఏదైనా చూపించాలనుకున్న లాస్ ఏంజెలస్ తెలుగు తండ్రికి సరిగ్గా అప్పుడే ఎడారి గుర్తొస్తుంది. పక్కనే సముద్రం ఉందిగా అంటే, అదెక్కడికీ పోదంటాడు.

ఇతని దగ్గరో ఎక్సెల్ షీటు ఉంటుంది. మొదటి గడిలో 'ఉదయం 4:00, బయలుదేరుట'. ఆ వేళకు లేచేది అతనొక్కడే. పులిహోర తాలింపు, పిల్లల చెప్పుల వేట, తాతగారి బీపీ మాత్రలు, తీరా అందరూ ఎక్కాక "ఏమండీ, స్టవ్ కట్టేశామా?" అన్న అనుమానం. అద్దె మినీవ్యాన్ కదిలేసరికి ఎనిమిదిన్నర. పోయిన నాలుగున్నర గంటల్నీ దారిలోనే రాబట్టాలని అతని పట్టుదల. అందుకే బాత్రూము అడిగిన ప్రతివాడూ ద్రోహే.

బేకర్ ఊళ్లో మాత్రం తనంతట తనే ఆపుతాడు. అక్కడ 134 అడుగుల థర్మామీటరు ఉంది. 1913 జూలై 10న డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు గుర్తుగా 1991లో కట్టారు. "డిగ్రీకో అడుగు నాన్నా!" అంటాడు, మేస్త్రీ తనే అయినట్టు.

వేసవిలో పొద్దున పది దాటాక ఎండలో నడవొద్దని డెత్ వ్యాలీ పార్కువాళ్లు హెచ్చరిస్తారు. వీళ్లు అక్కడి బ్యాడ్‌వాటర్‌లో దిగేది రెండింటికి. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన, కనుచూపు మేరా తెల్లటి ఉప్పు. వెనక కొండ మీద ఎక్కడో సముద్రమట్టం బోర్డు. పిల్లలు వ్యాన్ దిగనే దిగరు. నాయనమ్మ దిగి, కొంగు నెత్తిన కప్పుకుని, నేలను పరిశీలనగా చూస్తుంది.

"ఓ పాత చీర తెచ్చుకోవాల్సిందిరా. గంటలో ఒడియాలు ఎండేవి."

"అమ్మా, ఇది నేషనల్ పార్కు!"

ఫర్నెస్ క్రీక్‌లో డిజిటల్ బోర్డు 113 చూపిస్తుంది. దాని పక్కన నిలబెట్టి ఫొటో తీస్తుంటే తాతగారు అడుగుతారు: "ఒరేయ్, మన లెక్కలో ఎంత?"

"నలభై అయిదు, నాన్నా."

"ఓస్! దీనికా ఇంతదూరం తీసుకొచ్చావు?"

సారథి మనసు చివుక్కుమంటుంది. అసలు విద్య లోయ ఎక్కేటప్పుడు చూపిస్తాడు. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ వేడి ముల్లు పైకి లేస్తుంది. ఏసీ కట్టేస్తాడు. ముల్లు దిగదు. హీటరు ఫుల్లుగా తిప్పుతాడు. ఇంజన్ వేడి కొంత వ్యాన్‌లోకి మళ్లితే రేడియేటర్‌కు ఊరట. భౌతికశాస్త్రం ప్రకారం అతను రైటే. ఆ శాస్త్రం వినే ఓపిక వెనక సీట్లలో ఎవరికీ ఉండదు. భార్య మాట్లాడదు, మజ్జిగ సీసా మూత మాత్రం కాస్త గట్టిగా బిగిస్తుంది.

పరంప్ ఊరి దగ్గర సిగ్నల్ తగిలి, తాతగారి ఫొటో ఫ్యామిలీ గ్రూపులోకి వెళుతుంది. రెంటచింతలలో అప్పుడే తెల్లవారుతోంది. ఆయన తమ్ముడి జవాబు వెంటనే వస్తుంది: "నిన్న ఇక్కడా నలభై అయిదే అన్నయ్యా. రాత్రి నుంచీ కరెంటు లేదు. మీకు ఏసీ ఉందిగా?"

తాతగారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ఉంది" అని టైపు చేస్తారు. డ్రైవింగ్ సీటు వైపు ఒకసారి చూసి, "చూడ్డానికి" అని చేరుస్తారు.