సర్వరయ్య పద్యమునకు టీకా తాత్పర్యము

లోన నున్న ఫోను లోపలే పల్కును
బయటి ఫోను మోగు పలుకు రాదు
గడప తెలుపకున్న కబురెట్లు చేరురా
సర్వరయ్య చెప్పు సంగతేమొ

అవతారిక: కడియపులంకలో ఒక మొక్కల నర్సరీ. ఆఫీసు గదిలో ఫోన్లను కలుపు ఆస్టరిస్క్ సర్వరు, బల్లల మీద ఫోన్లు, యజమాని సెల్లులో ఫోను యాపు. యజమాని మొక్కల లారీతో రావులపాలెం దాటగా గుమాస్తా పిలిచెను. మోగినది. ఎత్తినారు. "ఆయ్, ఇనపడతందాండీ?" అని ఇరువైపులా అరచిరి గాని ఎవరి అరుపు వారికే వినవచ్చెను. అప్పుడు పుట్టినదీ ఆటవెలది.

ప్రతిపదార్థము: లోన నున్న ఫోను = ఆఫీసు వైఫైలో 192.168తో మొదలగు చిరునామా గలది; బయటి ఫోను = లారీలోనో, సంతలోనో, అత్తవారింటనో ఉన్నది; గడప = రౌటరు; తెలుపకున్న = దాని పబ్లిక్ ఐపీని సర్వరు సెట్టింగులలో వ్రాయకున్న; సర్వరయ్య = స్పష్టము.

టీక: 'మోగు' అన్నచోట 'మూగ' అని పాఠాంతరము. ఛందస్సునకు రెండును సరియే. కాని కవి శాస్త్రజ్ఞుడు, 'మోగు' అనియే అనును. ఏలయన, మోగుట వేరు, పలుకుట వేరు. పిలుపు సిప్ పద్ధతిలో 5060 పోర్టున పోవును. మాట ఆర్‌టీపీగా వేరు దారిన, ఆస్టరిస్కులో మామూలుగా 10000 నుండి 20000 లోపలి పోర్టులలో నడచును. మాటలు ఎచటికి పంపవలెనో పిలుపులోనే సర్వరు వ్రాసి పంపును. ఆపద అచటనే. అది తన లోపలి చిరునామా వ్రాయును. 192.168 అంకెలు 1996 నాటి ప్రమాణము సొంత వాడకమునకు విడిచినవి. ధవళేశ్వరములో ఏ ఇంటి రౌటరు చూచినను అవే. రాజమండ్రి పోస్టాఫీసులో 'పెరటి గదికి' అని మాత్రమే వ్రాసి ఉత్తరము పడవేసినట్లు, యజమాని మాట ఎచటికో పోవును.

రౌటరు ఆపి వేయవలెనని కేబుల్ కుర్రవాని మతము. ఏ వ్యాధికైనను అతనిది ఇదే మతము. పోర్టులన్నియు బార్లా తెరువుమని మరికొందరు. 101 ఎక్స్‌టెన్షనుకు 101 పాస్‌వర్డు పెట్టి తెరచినచో, ఊరు పేరు లేని వారు మన ఖర్చున విదేశములతో ముచ్చటింతురు. వీపీఎన్ పెట్టినచో బయటి ఫోను లోపలిదే యగును. నా మొగ్గు దీనికే. అయితే లారీ ఎక్కు తొందరలో యజమాని దానిని నొక్కడు.

తాత్పర్యము: ఆ సెట్టింగులలో లోకల్‌నెట్ అన్నచోట ఆఫీసు చిరునామాలను, ఎక్స్‌టర్నల్ అన్నచోట రౌటరు బయటి చిరునామాను వ్రాసినచో, సర్వరు లోపలివారికి లోపలిది, బయటివారికి బయటిది చెప్పును. మాటలు తన గుండానే పోవునట్లు డైరెక్ట్ మీడియా ఆపవలెను. రౌటరు ఆర్‌టీపీ పోర్టులను సర్వరు వైపు మళ్లించవలెను.

విశేషము: రౌటరు బయటి చిరునామా 100.64 నుండి 100.127 లోపలి అంకెలతో మొదలైనచో గడపకు అవతల ఇంటర్నెట్ కంపెనీ వారి గడప మరొకటి కలదు. అట్టివారు స్థిరమైన ఐపీ కొనవలెను. పద్యమున ఈ ప్రస్తావన లేదు; కవికి అప్పటికి బిల్లు రాలేదు.