కరెంటు గారి సంజాయిషీ

గాలివాన రాత్రి లైను బాగుచేస్తూ ఒక కుర్రాడు స్తంభం మీదే కరెంటు తగిలి పోయాడు. ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపామన్న 'లైన్ క్లియర్' అనుమతి, తీసుకోకుండా స్తంభం ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందనీ, సిబ్బంది నిర్లక్ష్యమే ఇందుకు కారణమనీ ప్రాథమిక విచారణలో తేలిందట. ఈ వారం పేపర్లో మీరూ చూసే ఉంటారు. శవం ఇంకా పోస్టుమార్టం గదిలోనే ఉంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ వేసి ఆ లైనులోకి కరెంటు ఎవరు వదిలారో తేలలేదు, ఎవరు వేయమన్నారో తేలలేదు, తప్పెవరిదో మాత్రం తేలిపోయింది.

నా బాధ ఒకటే. ఆ క్షణాన స్తంభం మీద ఉన్నది ఇద్దరు. ఒకరు ఆ కుర్రాడు, రెండోవారు కరెంటు గారు. విచారణ ఒక్కరి మీదే ఎలా చేస్తారు? అవతలి పక్షం వాదన కూడా వినాలి కదా! అందుకని కరెంటు గారికీ ఒక ఛార్జి మెమో ఇప్పించాలని కోరుతున్నాను. ఆఫీసుకు శ్రమ ఎందుకని డ్రాఫ్టు నేనే రాసిపెట్టాను.

"శ్రీయుత 11 కేవీ గారికి. తమరు ఎల్‌సీలో ఉన్న లైనులోకి ముందస్తు అనుమతి లేకుండా ప్రవేశించి, విధి నిర్వహణలో ఉన్న వ్యక్తిని తాకినట్టు మా దృష్టికి వచ్చింది. తమపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసింది."

ఏడు రోజులు అక్కర్లేకపోయింది. కరెంటు కదా, జవాబు అప్పటికప్పుడే వచ్చింది.

"మహారాజశ్రీ విచారణాధికారి గారి సముఖానికి 11 కేవీ విన్నవించుకొనునది. అయ్యా, డిపార్టుమెంటులో చేరిన నాటి నుంచి నేను సెలవు చీటీ రాయలేదు, డీఏ బకాయిలు అడగలేదు. బ్రేకర్ వేస్తే వెళ్తాను, తీస్తే ఆగుతాను. అంతకు మించి నాకు తెలివి లేదు. అది తమరి దగ్గర ఉందన్న ధీమాతోనే ఇన్నాళ్లూ నెట్టుకొస్తున్నాను.

"ముందస్తు అనుమతి లేదన్నారు. ఉంది. గాలివాన రాత్రి ఆ ఫీడర్ మీద రెండు గ్యాంగులు పనిచేశాయి. ఎల్‌సీ తీసుకున్నది జంపర్ తీగ కట్టే గ్యాంగు. అవతల ఇన్సులేటర్ డిస్కులు మార్చే గ్యాంగు ఆ ఎల్‌సీనే నమ్ముకుని ఎక్కింది. ఎల్‌సీ అడిగిందీ ఫోన్లోనే, ఇచ్చిందీ ఫోన్లోనే. జంపర్ పని అయ్యాక వాళ్లు 'అయిపోయింది, వేసెయ్యి' అన్నారు. షిఫ్టులో ఒంటరిగా ఉన్న ఆపరేటర్ వేసేశాడు. ఎల్‌సీ తీసుకున్నవారే తిరిగి ఇవ్వాలి. వారే ఇచ్చారు. నా కాగితాలు సక్రమం. కాకపోతే లాగ్ పుస్తకంలో ఆ వరుసలు మర్నాడు పొద్దున రాశారు. సిరా రంగు తేడాగా ఉంది, చూసుకోగలరు.

"విధి నిర్వహణలో ఉన్న వ్యక్తిని తాకానన్నారు. ఆ వ్యక్తి ఎవరండీ? లైన్‌మన్ కాదు, జూనియర్ లైన్‌మన్ కాదు, ఆర్టిజన్ కాదు, ఎనర్జీ అసిస్టెంటూ కాదు. ప్రైవేటు హెల్పర్. లైన్‌మన్ తన జేబులోంచి ఎంతో కొంత ఇచ్చి తెచ్చుకున్న కుర్రాడు. హాజరు పట్టీలో లేడు, ఎల్‌సీ పుస్తకంలో లేడు. తమ రికార్డుల ప్రకారం అసలు ఆ స్తంభం మీదే లేడు. లేని మనిషిని నేనెలా తాకుతాను? బతికున్నన్నాళ్లూ సిబ్బంది కానివాడు, పోయిన మర్నాడే 'సిబ్బంది నిర్లక్ష్యం' అన్న మాటలో సిబ్బంది అయిపోయాడు. ఇంత త్వరగా రెగ్యులరైజ్ అయిన ఉద్యోగిని నా సర్వీసులో చూడలేదు.

"పనిచేసే చోటికి అటూ ఇటూ మూడు ఫేజులూ కలిపి ఎర్త్ రాడ్లు వేసి ఉంటే, నేను పొరపాటున వచ్చినా నేలలోకి దిగిపోయేదాన్ని. బ్రేకర్ పడిపోయేది. రాడ్లు మొదటి గ్యాంగు దగ్గరున్నాయి. రెండో సెట్టు ఇండెంటులో ఉంది. ఇండెంటు ఎక్కడుందో తమరికే తెలియాలి.

"చివరగా ఒక ఫిర్యాదు. ఊరి చివర ఫంక్షన్ హాలువారు చేంజోవర్ స్విచ్ లేకుండానే జనరేటర్ తగిలించారు. ఆ 400 వోల్టుల బుడతడు కరెంటు పోయినప్పుడల్లా దొడ్డిదారిన ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరి, అవతల 11 వేల వోల్టులై నా వేషంలో తిరుగుతున్నాడు. వాడి పాపాలు నా ఖాతాలో రాయవద్దని మనవి."

ఈ సంజాయిషీ సంతృప్తికరంగా లేదని కమిటీ కరెంటు గారిని సస్పెండ్ చేసిందనుకోండి. మండలమంతా చీకటి. పావుగంటలో సర్పంచ్ గారి ఫోను, తర్వాత రైసు మిల్లు ఓనరు గారిది, ఆపైన ఎమ్మెల్యే గారి పీఏది. అందరిదీ ఒకటే ప్రశ్న, "ఇంకెంతసేపయ్యా?" కమిటీ అత్యవసరంగా సమావేశమై సస్పెన్షన్ రద్దు చేస్తుంది. ఆ ఉత్తర్వు కూడా ఫోన్లోనే. "వేసెయ్యి."

ఆ "వేసెయ్యి" దగ్గరే మనుషులు పోతున్నారు. లైనుని ముట్టుకునే ముందు ఎర్త్ చేసి అందులో ఏమీ మిగలకుండా చూడాలనీ, అధికారం లేని మనిషి కరెంటున్న లైను మీద పనిచేయకూడదనీ, పనిచేసేవాడికి సాయం కూడా పట్టకూడదనీ 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్సులోనే ఉంది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దాన్ని రెగ్యులేషన్‌గా మళ్లీ రాసింది. 2023లో ఆ రెగ్యులేషన్ల స్థానంలో కొత్తవి తెచ్చారు. ఇన్నిసార్లు రాసుకున్నది స్తంభం దాకా ఎందుకు రాలేదు? గ్లౌజులు, బెల్టులు, టెస్టర్లు, ఎర్త్ రాడ్లు ఇవ్వాల్సింది ఎవరు? పేరు లేని కుర్రాడు స్తంభం ఎక్కుతున్నాడని ఏఈకి తెలియదా? డీఈకి తెలియదా? అందరికీ తెలుసు. అలాంటి కుర్రాళ్లు లేకపోతే తుపాను మర్నాడు సగం ఊళ్లకి కరెంటు రాదని కూడా తెలుసు. ఎక్కనంటే రేపటి నుంచి వాణ్ణి పిలవరు. ఎక్కితే పోతాడు. పోతే నిర్లక్ష్యం! ఏటా మార్చి 4న లైన్‌మన్ దివస్ పేరిట శాలువాలు కప్పుతారు. ఆ శాలువా చేతికి చుట్టుకుని 11 కేవీ పట్టుకోమంటారా?

కాగితం చేతిలో లేనివాణ్ణి స్తంభం ఎక్కించడం నేరం. ఎక్కించినవాడు ఆఫీసులో కూర్చుని, పోయినవాడి మీద ప్రకటన రాయడం అంతకంటే నీచం. విచారించడానికి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనే అధికారి వేరే ఉన్నారు. ఆయన నివేదిక వచ్చేదాకా నోరు మూసుకోండి. ఆగలేకపోతే ప్రకటనతో పాటు నాలుగు కాగితాలు బయటపెట్టండి: ఆ రాత్రి లాగ్ పుస్తకం పేజీ, ఎల్‌సీ ఎవరి పేరున ఇచ్చారో, ఎవరు తిరిగి ఇచ్చారో చూపే రెండు కాగితాలు, ఆ గ్యాంగుకి ఎర్త్ రాడ్లు అందినట్టు సంతకం. అవి చూపించాకే నిర్లక్ష్యం ఎవరిదో మాట్లాడండి.