కప్పల కుంట చుట్టూ సకుటుంబ నిధివేట: ఒక కరదీపిక

జియోక్యాచింగ్ అనేది ఒకరు దాచిన డబ్బాను ఇంకొకరు ఉపగ్రహాల సాయంతో వెతికే ఆట. డబ్బాలో ఒక చిన్న పుస్తకం, కొన్ని చిల్లర వస్తువులు ఉంటాయి. దొరికినవారు పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు. ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో, అంతకంటే మంచిదో లోపల పెడతారు. ఆ తర్వాత డబ్బాను మళ్లీ అక్కడే దాచి వెళ్లిపోతారు. అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో తానే కలుపుతూ వచ్చిన తప్పును 2000 మే మొదట్లో తీసేసింది. వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరిగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ సమీపంలోని చెట్ల మధ్య ఒక నల్ల బకెట్టు పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. ఆట అలా మొదలైంది. అంతకుముందు వంద మీటర్ల దాకా తప్పిన యంత్రం ఇప్పుడు ఆరుబయట మనిషిని సుమారు ఐదు మీటర్ల దగ్గరికి చేరుస్తుంది. ఆటంతా మిగిలిన ఆ ఐదు మీటర్లలోనే ఉంది. ఆ ఐదు మీటర్లలో సగం బురద, సగం నీళ్లు, ఆ నీళ్లలో కప్పలు ఉంటే అది ఈ కరదీపికకు సంబంధించిన ఆట అవుతుంది.

స్థలం ఎంపిక

వనపర్తి జిల్లా కొత్తకోట ఇందుకు తగిన ఊరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి మీదే ఉంది కాబట్టి, కుంట దాకా పోయే ఉద్దేశం లేనివారు కూడా దాబాలో టీ తాగి, ఆట ఆడినట్టు ఫొటో పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల నీటికి కరువు లేదు, కనీసం పేర్లలో. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన చెరువుల్ని సముద్రాలనే పిలిచారు. శ్రీరంగాపురంలో రంగసముద్రం, కానాయపల్లి దగ్గర శంకరసముద్రం ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. సముద్రం పక్కన పిల్లల్ని ఆడించామని చెప్పుకునే అవకాశం తెలంగాణలో ఇంకెక్కడా ఇంత చవకగా దొరకదు.

పేరున్న చోటే కావాలనుకునే కుటుంబం సరళాసాగర్‌కు పోవాలి. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట కట్టించిన ఈ జలాశయం పనులు 1949లో మొదలై 1959లో పూర్తయ్యాయి. దీనికి సైఫన్లున్నాయి. నీరు ఒక మట్టం దాటగానే, గేటు ఎత్తేవారెవరూ లేకుండానే, నీళ్లు వాటంతటవే కిందికి దూకుతాయి. 2019 డిసెంబర్ 31న దీని కట్టకే గండి పడింది. తర్వాత మళ్లీ కట్టారు. చూడదగిన చోటే గానీ, కప్పల కోసం మాత్రం కాదు. పెద్ద జలాశయంలో ఏడాది పొడుగునా చేపలుంటాయి. చేపలు తోకకప్పల్ని తినేస్తాయి. కప్పలకు నచ్చేవి వానకు నిండి వేసవికి ఎండే చిన్న కుంటలు, మొరం తవ్వి వదిలేసిన గుంతలు, పొలం పక్కన నిలిచిన మడుగులు. అలాంటి వాటికి బోర్డులుండవు, పార్కింగ్ ఉండదు. అందువల్ల కుటుంబాలు సాధారణంగా సరళాసాగర్‌కే పోయి, కప్పలు కనిపించలేదని బాధపడతాయి.

కాలం

అన్నిటికంటే సౌకర్యమైన కాలం మే నెల మధ్యాహ్నం. బళ్లకు సెలవులు. కుంటలో నీళ్లుండవు కాబట్టి పిల్లలు మునిగే భయం లేదు. కప్పలు కూడా ఉండవు. బావురుకప్పలు బురదలోకి దిగి, కదలకుండా, తొలకరి దాకా పడుకుంటాయి. అంటే కుటుంబం వాటి నెత్తి మీదే నడుస్తూ కప్పలెక్కడ అని అడుగుతూ ఉంటుంది.

కష్టపడాలని ఉన్నవారికి మృగశిర కార్తె తర్వాతి తొలి పెద్దవాన రాత్రి ఉంది. ఆ రాత్రి మగ బావురుకప్పలు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. అరిచినప్పుడు వాటి దవడల పక్కన నీలిరంగు తిత్తులు ఉబ్బుతాయి. అరిచేవన్నీ మగవే, ఆడవి విని ఎంచుకుంటాయి. ఈ సంబరం ఒకటి రెండు రాత్రుల్లోనే ముగిసిపోతుంది. వాతావరణ యాప్ చూసి, వాన పడదని తేలిన వారాంతాన్ని ఎంచుకునే కుటుంబం దీన్ని ఏటా క్రమం తప్పకుండా పోగొట్టుకుంటుంది.

డబ్బా, అందులోని వస్తువులు

డబ్బా మూత గట్టిగా ఉండాలి, నీరు పోకూడదు. ఇంట్లో ఆవకాయకు వాడిన ప్లాస్టిక్ డబ్బా అందరికీ ముందు గుర్తొస్తుంది. ఎంత కడిగినా వాసన పోదు. కుక్కలు, ఎలుకలు దాన్ని ఉపగ్రహాల కంటే కచ్చితంగా పట్టుకుంటాయి. అల్మర్ దాచిన మొదటి బకెట్టులో చిక్కుడుగింజల డబ్బా ఒకటి ఉండేది. తర్వాత నియమాలు రాసినవారు తినే వస్తువుల్ని నిషేధించారు. ఇక్కడి తల్లులు ఆ నియమం మురుకులకు వర్తించదని అర్థం చేసుకుంటారు.

డబ్బాను పూడ్చకూడదన్నది ఆటలో గట్టి నియమం. ఇక్కడ దానికి ఇంకో కారణం కూడా ఉంది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, దొరికినవారు కలెక్టర్‌కు రాసి తెలియజేయాలి. గోళీలు, రబ్బరు బ్యాండ్లు, విరిగిన కీచైన్ అయితే పదికి లోపే ఉంటాయి. పిల్లవాడు ఉదారంగా కొత్త బొమ్మకారు పెడితే చట్టానికి పని పడుతుంది. కట్ట రాళ్ల మధ్య దాచడం ఇంకా సులువు. ఒక రాయి పీకితే డబ్బా పడుతుంది, పది కుటుంబాలు పది రాళ్లు పీకితే కట్టలో గండికి చోటు దొరుకుతుంది. ఎండ్రకాయల బొక్కలు, ఎలుకల కన్నాలు ఆ పనిని ఇప్పటికే చేస్తున్నాయి కాబట్టి వాటికి సాయపడాలనుకునేవారే ఈ పద్ధతిని అనుసరించాలి. ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్నది మరో నియమం. అనేక కుంటల చుట్టుకొలతే అంత ఉండదు.

దాచినవారు చోటును సరిగ్గా రాసుకోవాలి. కొత్తకోట సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.9 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అక్షాంశంలో ఒక దశాంశ స్థానం దగ్గర ఆగితే పట్టు పదకొండు కిలోమీటర్లు, నాలుగు స్థానాలు రాస్తే పదకొండు మీటర్లు, ఐదు రాస్తే ఒక మీటరు. ఒక్క అంకె చేతిరాతలో 1 కాక 7 అయితే కుటుంబం పక్క ఊరి కుంటలో వెతికి, అక్కడివారితో కొత్త పరిచయాలు చేసుకుంటుంది.

బృందం, పని విభజన

కప్పల్ని తక్కెడలో తూచే పనికి కుటుంబ విహారమే సరైన ఉదాహరణ. ఒకటి పెడితే ఒకటి దూకుతుంది. అయినా పని పంచడం తప్పదు. ఫోన్ తండ్రి చేతిలో ఉండాలి. బాణం గుర్తు ఎటు తిరిగితే ఆయన అటు తిరుగుతూ, ఉన్నచోటే ప్రదక్షిణ చేస్తాడు. నిలబడి ఉన్నవాడికి ఉపగ్రహాలు దిక్కు చెప్పలేవనీ, నాలుగడుగులు నడిస్తే బాణం కుదురుకుంటుందనీ ఆయనకు ఎవరూ చెప్పకూడదు. సద్ది, నీళ్లు, తువ్వాలు, మారుబట్టలు, అందరి చెప్పులు తల్లి మోస్తుంది. దీన్ని విశ్రాంతి అంటారు. పిల్లలకు తెల్లబట్టలు తొడగాలి. ఎవరెవరు ఎంత లోతుకు పోయారో తర్వాత కొలుచుకోవచ్చు.

తాతను చెట్టు కింద కూర్చోబెట్టాలి. చిన్నప్పుడు ఇసుకలో పుల్ల దాచి వెతికినవాడు, తూము ఎక్కడో అలుగు ఎక్కడో తెలిసినవాడు, మనిషి దాచదగిన చోట్లు మూడే ఉన్నాయని చూడగానే చెప్పగలడు. ఆయన చెప్పేస్తే ఆట అయిపోతుంది. అందుకే ఫోన్ బ్యాటరీ అయిపోయేదాకా ఆయన్ను అడగరు.

వెతుకులాట

బాణం ఐదు మీటర్లు అని చూపి ఆగుతుంది. అక్కడి నుంచి కళ్లతో వెతకాలి. అనుమానం కలిగించేవి మూడు: ఒంటరిగా ఉన్న రాయి, అడ్డదిడ్డంగా పేర్చిన పుల్లలు, సర్కారు తుమ్మ మొదలు. మొదటిదాని కింద తేలు, రెండోదాని వెనుక చీమలు, మూడోదానికి ముళ్లు ఉంటాయి. కట్ట మీద పసుపు రాసి బొట్టు పెట్టిన రాళ్లు కూడా ఉంటాయి. అవి కట్టమైసమ్మవి. వాటి కింద చెయ్యి పెట్టే కుటుంబానికి ఊళ్లో ప్రత్యేక ఆదరణ లభిస్తుంది.

చెవులు వాడటం ఈ ఆటలో ఎవరూ నేర్పని విద్య. కుంట అంతా అరుస్తున్నప్పుడు మనిషి అడుగు పడిన వైపు కప్పలు నోరు మూసేస్తాయి. ఆ మౌనం అడుగులతో పాటే జరుగుతుంది. గట్టు మీద కదలకుండా పది నిమిషాలు కూర్చుంటే అరుపులు ఒకటొకటిగా తిరిగి మొదలవుతాయి. ఒకటి బొంగురు, ఒకటి టకటక, ఒకటి మేక పిలిచినట్టు. పది నిమిషాలు ఊరుకోవడం కుటుంబాలకు సాధ్యం కాదు కాబట్టి బ్లూటూత్ స్పీకరు తీసుకెళ్లడం ఆనవాయితీ.

చీకట్లో కప్పల కోసం వచ్చేది మనుషులు మాత్రమే కాదు. నీరుకట్టె వస్తుంది, దానికి విషం లేదు గానీ పళ్లున్నాయి. నాగుపాము కూడా కప్పల్ని తింటుంది, దానికి విషం ఉంది. టార్చి, మూసిన బూట్లు తప్పనిసరి. ఈ ఒక్క సలహాలో వ్యంగ్యం లేదు.

ఊరివారు

ఆట తెలియనివారిని జియోక్యాచర్లు హ్యారీ పోటర్ నవలల నుంచి తెచ్చుకున్న మాటతో మగుల్స్ అంటారు. వారి కంటపడకుండా డబ్బా తీయాలని నియమం. పల్లెలో అది కుదరదు. ఫోన్ చూస్తూ, వంగి రాళ్లు లేపుతూ, సాయంత్రం పూట కట్ట మీద తిరిగే నలుగుర్ని చూసి మేకలు కాసే ముసలమ్మ ముందు జాలిపడుతుంది: "ఏం దేవులాడుతున్రు బిడ్డా? ఏం పోయింది?" ఏమీ పోలేదని, ఎవరో దాచిన డబ్బా కోసమని నిజం చెబితే జాలి పోయి అనుమానం వస్తుంది. గుప్తనిధుల తవ్వకాల కథలు ఈ ప్రాంతంలో అందరూ విన్నవే. సంచిలో నిమ్మకాయలుంటే అవి సద్దిలోకని నమ్మించడం కష్టం. చేపల హక్కున్న మత్స్యకారుల సంఘం కాపలాదారుకు ఇంకో అనుమానం ఉంటుంది. వీటన్నిటికీ విరుగుడు ముందే పంచాయతీలో ఒక మాట చెప్పడం, సంఘాన్ని అడగడం. అది పదిహేను నిమిషాల పని కాబట్టి ఎవరూ చేయరు.

నిజానికి ఈ ఆట ఊరికి కొత్త కాదు. వానలు ముఖం చాటేసిన ఏడు పిల్లలు కప్పను బట్టలో కట్టి, వేపాకు చుట్టిన రోకలికి వేలాడదీసి, ఇద్దరు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. దాన్ని కప్పతల్లి ఆట అంటారు. ఇంటివారు కప్ప మీద బిందెడు నీళ్లు పోసి, పిల్లలకు బియ్యమో జొన్నలో పెడతారు. జియోక్యాచింగ్‌లో ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ప్రయాణించే వస్తువుకు ట్రావెల్ బగ్ అని పేరు పెట్టి, నంబరు వేసి అమ్ముతారు. రోకలి మీది కప్పకు నంబరు లేదు, పోయిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి పుచ్చుకుని, ఏదో ఒక ఆశ పెట్టి వస్తుంది.

నమోదు

దొరికితే పుస్తకంలో సంతకం చేయాలి. అనుభవజ్ఞులు టీఎఫ్‌టీసీ అని నాలుగక్షరాలు రాస్తారు, డబ్బా పెట్టినందుకు థ్యాంక్స్ అని దానర్థం. దొరక్కపోతే ఇంటర్నెట్‌లో డీఎన్ఎఫ్, అంటే దొరకలేదు, అని రాయాలి. డీఎన్ఎఫ్ రాసినవారు కుంట దగ్గర ఎక్కువసేపు ఉన్నవారు కాబట్టి, తోకకప్పకు వెనక కాళ్లు ముందు వస్తాయనీ, కప్ప నోటితో నీళ్లు తాగక చర్మంతో పీల్చుకుంటుందనీ వారి పిల్లలకే తెలిసి ఉంటుంది. డబ్బాలో ఏదైనా పెట్టి ఏదైనా తీసుకోవాలనే నియమాన్ని కుంట విషయంలో కుటుంబాలు ఇప్పటికే పాటిస్తున్నాయి. కురుకురే ప్యాకెట్లు పెడతారు, సీసాలో తోకకప్పల్ని తీసుకెళతారు. అవి అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎక్కువ రోజులు బతకవు.

కప్పను పట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది అబద్ధం, అవి ఒక వైరస్ వల్ల వస్తాయి. కప్పకే మనిషి వల్ల ముప్పు. వేళ్లకున్న దోమల క్రీము దాని చర్మం గుండా నేరుగా లోపలికి పోతుంది. కాళ్ల కోసం కప్పల్ని విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారాన్ని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది. పొలాల్లో పురుగుల్ని తినేవి తగ్గిపోతున్నాయన్నది అప్పట్లో చెప్పిన కారణాల్లో ఒకటి. కాబట్టి చివరి నియమం రెండు రకాల వేటకూ ఒకటే: దొరికినదాన్ని చూసి, దొరికిన చోటే, దొరికినట్టే పెట్టి రావాలి.