ముఖం తూకం

చిక్కిపోయిన రోగి మళ్ళీ ఒళ్ళు చేశాడా లేదా అన్నది సికింద్రాబాదులో రెండు సాధనాలతో తేలుస్తారు. ఒకటి కాటా, రెండోది చుట్టం. కాటా కిలోలు, గ్రాములు తప్ప ఇంకేమీ చెప్పలేదు. చుట్టానికి ఆ ఇబ్బంది లేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే రోగి ముఖం చూసి "అయ్యో, సగమైపోయినవ్" అని తేల్చేస్తాడు. అరవై కిలోల మనిషి అయిదు కిలోలు తగ్గినా సగమే, పన్నెండు తగ్గినా సగమే. ఈ లెక్కన ఏడాదిలో నాలుగు పరామర్శలు పొందిన రోగి నాలుగు కిలోలకు దిగువన ఉండాలి. ఇదే ఊరి బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడడానికి రొనాల్డ్ రాస్‌కు మైక్రోస్కోపు కావలసి వచ్చింది. చుట్టం కంటికి అద్దాలు కూడా అక్కర్లేదు.

ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో రంగు బల్బులు తిరిగే తూకం యంత్రం ఉండేది. నాణెం వేస్తే చిన్న అట్టముక్క పడేది. దాని మీద బరువుతో పాటు జాతకం కూడా అచ్చయి ఉండేది. ముఖం చూసి తూచేవారిదీ అదే పద్ధతి. బరువు చెప్పి ఊరుకోరు, భవిష్యత్తు కూడా చెబుతారు. తేడా ఒక్కటే, యంత్రం నాణెం పడితే గాని నోరు విప్పేది కాదు.

వైద్యం ఈ విషయంలో కొంచెం నిదానం. మనిషి తాను అనుకోకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తన బరువులో 5 శాతం, అంటే అరవై కిలోలకు మూడు కిలోలు పోగొట్టుకుంటే, కారణం వెతకాలంటుంది. క్షయ, అదుపు తప్పిన షుగర్, అతిగా పనిచేసే థైరాయిడ్, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి, మూత్రపిండాల జబ్బు, పేగుల జబ్బులు, క్యాన్సర్ ఇవన్నీ మనిషిని కరిగిస్తాయి గాని, ఒక్కోదాని దారి ఒక్కోటి. జ్వరం ఒంట్లోని నిల్వలను కాల్చేస్తుంది. జబ్బుతో పుట్టే రసాయనాలు ఆకలిని చంపి కండను కరగదీస్తాయి. ఊపిరితిత్తులు పాడైనవారికి ఊపిరి తీయడమే ఒక కూలిపని. ఇంటివాళ్ళ జాబితా మాత్రం పొట్టిది: దిష్టి, దిగులు, పైత్యం. దిష్టికి ఉప్పు, ఎండుమిరపకాయలు చాలు. ఖర్చు తక్కువ. మిరపకాయల పొగకు ఇల్లంతా దగ్గుతుంది, అంతే. మంచం మీది ఆయాసపు మనిషి కాస్త ఎక్కువ దగ్గుతాడు.

కారణం తేలాక చికిత్స మొదలవుతుంది. చికిత్స అంటే బ్రెడ్డు, బత్తాయిలు, ఒక సీసా. ఆ సీసా చరిత్ర చెప్పుకోదగినది. ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్ళిన జేమ్స్, విలియం హార్లిక్ అన్నదమ్ములు 1873లో పసిపిల్లలకూ జబ్బుపడ్డవారికీ అంటూ మాల్టు పొడి వ్యాపారం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత తిరిగివచ్చిన సిపాయిలతో అది ఈ దేశానికి చేరింది. తర్వాత రాజమండ్రిలో ఫ్యాక్టరీయే వెలిసింది కాబట్టి గోదావరి నీళ్ళు తాగినవాళ్ళు దాన్ని సొంత ఊరి సరుకనుకున్నా తప్పు లేదు. 2024 ఏప్రిల్‌లో ఒక చిత్రం జరిగింది. ఆహార భద్రత చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే మాటకు నిర్వచనమే లేదని, అలాంటి పానీయాలను ఆ శీర్షిక కింద అమ్మవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. అదే నెలలో హార్లిక్స్‌ను అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ తన సరుకు వర్గం పేరులోంచి 'హెల్త్' మాట తీసేసి 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్' అని పెట్టుకుంది. తయారీదారే వదులుకున్న మాటను చుట్టం ఇంకా వదల్లేదు. "ఇది తాగితే వారంలో మనిషివి అవుతవ్" అని సీసా బల్ల మీద పెడతాడు. అప్పటిదాకా రోగి ఏమిటన్నది అడగకూడదు.

నల్గొండ తోటల బత్తాయి మంచి పండే. విటమిన్ సి ఉంది, నోటికి హితవుగా ఉంటుంది. అయితే వంద గ్రాముల రసంలో యాభై కేలరీలైనా ఉండవు. రోజుకు అదనంగా 500 కేలరీలు కావలసిన మనిషి బత్తాయి రసాన్నే నమ్ముకుంటే కిలోకు పైగా తాగాలి. తాగాక అన్నానికి కడుపులో చోటుండదు. కొబ్బరినీళ్ళు ఇంకా పలచన. పైగా రెండింటిలోనూ పొటాషియం ఉంది. డయాలిసిస్ చేయించుకునే రోగి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ప్రేమతో కొట్టించి తెచ్చిన రెండు బోండాలు అతని ఒంటికి చేసే సేవ ఇదీ.

తర్వాతది పథ్యం. దీర్ఘరోగి ఇంట్లో పథ్యాన్ని ఎవరూ రాయరు, అందరూ అమలు చేస్తారు. గుడ్డు వేడి. పల్లీలు పైత్యం. పెరుగు జలుబు. అరటిపండు కఫం. జామపండు దగ్గు. వంకాయ దురద. పప్పు తింటే చీము పడుతుంది. మాంసం అరగదు. చేప పడదు. నెయ్యి కొవ్వు. షుగర్ ఉంటే అన్నం విషం, లేకపోతే చపాతీ బరువు. ఈ ఆంక్షలన్నీ అమలయ్యాక పళ్ళెంలో మిగిలేది చారన్నం, బ్రెడ్డు, సగ్గుబియ్యం జావ. సగ్గుబియ్యంలో పిండి తప్ప దాదాపు ఏమీ లేదు కాబట్టే దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. పోషణ లేనిదే పథ్యానికి సురక్షితం.

ఇలా వంటింట్లోంచి మాంసకృత్తులను వెళ్ళగొట్టాక, అవే మాంసకృత్తులను వెనీలా వాసన పూసి డబ్బాలో పిలుచుకొస్తారు. పాల నుంచో సోయా నుంచో తీసిన పొడి అది. పాలు కఫం గాని పాలపొడి బలం. సోయా వాతం గాని డబ్బాలో ఉంటే శక్తి. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు, 70 కేలరీలు ఉంటాయి. గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, 7 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 160 కేలరీలకు పైన. కందిపప్పులో వందకు 20 గ్రాములు దాటి ఉంటాయి. మోండా మార్కెట్‌లో వీటికి ప్రకటన లేదు, బొమ్మ లేదు, ఎవరూ తెల్లకోటు వేసుకుని వీటి పక్కన నిలబడరు. డబ్బా ధర వందల్లో మొదలై వేలలోకి వెళ్తుంది. ధరను బట్టి బలం అన్న నమ్మకానికి గుడ్డు ఎప్పుడూ అడ్డే.

ఈ నమ్మకానికి జవాబు ఊరికి దూరంగా కూడా లేదు. 1918లో కూనూరులో బెరిబెరి విచారణగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. సికింద్రాబాదు స్టేషను నుంచి ఆటోలో వెళ్ళి రావచ్చు. ఈ దేశంలో జనం తినే గింజ, కూర, పప్పు ఒక్కోటీ పరీక్షించి పట్టికలు వేసిన సంస్థ అది. 2024 మేలో విడుదలైన దాని ఆహార మార్గదర్శకాలు కండ కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పాయి. నమలలేనివారికి, మింగలేనివారికి, కొన్ని క్యాన్సర్లలో, డయాలిసిస్‌లో వైద్యుడో ఆహార నిపుణుడో లెక్క చూసి రాసే పోషక పానీయాల సంగతి వేరు. వాటికి చోటుంది. ఇక్కడ ప్రస్తావన పక్కింటావిడ రాసే వాటిది.

బరువును తేవాలంటే ముందు జబ్బును ఆపాలి. చిల్లికుండ సామెత షుగర్‌కు అతికినంతగా మరే జబ్బుకూ అతకదు. అదుపులో లేని షుగర్‌లో రోజుకు వంద గ్రాముల గ్లూకోజు మూత్రంలో పోతే 400 కేలరీలు పోయినట్టు, ఆరేడు ఇడ్లీలు తిని పారబోసుకున్నట్టు. ఇన్సులిన్ రాకముందు అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఆలెన్ దీనికి కనిపెట్టిన ఉపాయం రోగిని పస్తు పెట్టడం. తినకపోతే పోయేదీ ఉండదని. 1922 ఆగస్టులో టొరంటోలో, ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ దగ్గరికి వచ్చిన పదిహేనేళ్ళ ఎలిజబెత్ హ్యూస్ బరువు 20 కిలోలు. ఇన్సులిన్ మొదలయ్యాక అన్నీ తిని, ఒళ్ళు చేసి, 1981 దాకా బతికింది. నూరేళ్ళు గడిచాక కూడా ఆలెన్ పద్ధతి మన బస్తీల్లో సజీవంగానే ఉంది. షుగర్ అని తేలగానే అన్నం మానేసి, రాత్రికి ఒక్క పుల్కాతో సరిపెట్టి, మూడు నెలల్లో బెల్టుకు కొత్త చిల్లులు పొడిపించుకున్నవాణ్ణి కాలనీ అంతా ఆదర్శంగా చూపిస్తుంది. ఇన్సులిన్ సూది వద్దని చెప్పేదీ ఆ కాలనీయే. ఎందుకంటే దాంతో ఒళ్ళొస్తుందట. ఒళ్ళు రావడం కోసమే కదా ఈ గొడవంతా అంటే ఎవరూ పలకరు.

క్షయ విషయంలో తిండి ఒకప్పుడు చికిత్సలో సగం. మందులు లేని రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియంలు విశ్రాంతి, గాలి, పాలు, గుడ్లతో నడిచాయి. 1956లో మద్రాసులో మొదలైన ప్రసిద్ధ పరిశోధన, శానిటోరియంలో బాగా తిన్నవారూ ఇంట్లో ఉన్నదే తిన్నవారూ మందులతో దాదాపు ఒకేలా నయమయ్యారని చూపింది. గొప్ప ఫలితమే, వేలమంది ఇంట్లోనే ఉండి బాగుపడే వీలు దొరికింది. మందులుంటే చాలన్న దాన్ని తిండి అక్కర్లేదని చదువుకోవడం మాత్రం తెలివైనవాళ్ళ పని. తిండి మళ్ళీ చికిత్సలోకి రావడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం 2,800 మంది క్షయ రోగులకు మందులతో పాటు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె వంటివి నెలనెలా ఇచ్చి చూసింది. 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణ ప్రమాదం 61 శాతం తక్కువ. వెనీలా వాసన లేకుండానే.

సర్కారుకు ఈ సంగతి తెలియక కాదు. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి క్షయ రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చారు. 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. రోజుకు 33 రూపాయలు. స్టేషన్ ఎదురుగా ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు అంటే దాదాపు అంతే. సర్కారు చేతిలో కాటా కూడా పాతదే. బ్రిటిషిండియా జైలు నియమాల్లో ఖైదీని తరచూ తూచి, బరువు తగ్గితే డాక్టరుకు చూపాలని రాసి ఉండేది. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి ఇప్పుడున్నది పాత ముషీరాబాద్ జైలు స్థలంలో. కాటాకు ఆ స్థలం కొత్త కాదు.

పోయిన బరువు ఎన్నాళ్ళలో వస్తుందన్నదానికి చుట్టం జవాబు వారం. రోజుకు 500 కేలరీలు అదనంగా తిని నిలుపుకున్నవారికి వారంలో అర కిలో వస్తే గొప్ప. 1944-45లో మిన్నెసొటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచాడు. నాలుగో వంతు బరువు పోయింది. మళ్ళీ తిండి పెట్టాక కొవ్వు ముందు వచ్చింది, కండ వెనకబడింది, నీరసం నెలల తరబడి వదల్లేదు. వాళ్ళకు జబ్బు కూడా లేదు. జబ్బున్నవాడు కండ తెచ్చుకోవాలంటే తిండితో పాటు లేచి నడవాలి, చేతనైనంత బరువు ఎత్తాలి. ఇంట్లో మంచం దిగనివ్వరు. మరీ ఎండిపోయినవాడికి ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఆసుపత్రిలో కొంచెంతో మొదలుపెడతారు. ఆసుపత్రి వాళ్ళు సరిగా పెట్టలేదని ఆదివారం బిర్యానీ పొట్లం లోపలికి చేరేది ఇలాంటి సమయంలోనే.

వారంలో లావు చేసే పొడులు కూడా ఉన్నాయి, అబద్ధం కాదు. పేరూ ఊరూ లేని ఇలాంటి లావు మందుల్లో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు అనేకం. అవి ఆకలి పుట్టిస్తాయి, ముఖాన్ని పూర్ణచంద్రుడిలా ఉబ్బిస్తాయి. లోపల చేతుల కాళ్ళ కండ కరుగుతుంది, షుగర్ పెరుగుతుంది, అణగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. ముఖం చూసి తూచే ఊళ్ళో ఇంతకన్నా నమ్మకమైన సరుకు ఉండదు. గుండె, కాలేయం, మూత్రపిండాలు చెడినవారికి నీరు పట్టి రెండు రోజుల్లో మూడు కిలోలు పెరిగినా అదే సంబరం. డయాలిసిస్ వార్డులో ఆ నీటిని తీసేశాక నిలిచే బరువును 'డ్రై వెయిట్' అంటారు, దాని మీదే లెక్కలు నడుస్తాయి. ఇంట్లో మాత్రం ఉబ్బిన పాదాలు చూసి "ఇప్పుడు జర మనిషివైనవ్" అంటారు.

ఇవన్నీ దాటి, మందులు వేళకు మింగి, గుడ్డునూ పల్లీలనూ దొంగచాటుగానైనా తిని, ఎనిమిది తొమ్మిది నెలలకు పోయిన ఆరు కిలోలూ వెనక్కి తెచ్చుకున్నవారు ఉన్నారు. వారి ఇంటికి అదే చుట్టం మళ్ళీ వస్తాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ముఖం చూస్తాడు. "ఏంది గింత లావైనవ్, జర తగ్గియ్" అంటాడు. ఈసారి అతని చేతిలో ఓట్స్ డబ్బా ఉంటుంది.